నేలపట్టును బట్టీ పట్టినవాళ్లు లెక్కకూ రావాలి

నేలపట్టు దేనికి ప్రసిద్ధి? హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఎవరిని అడిగినా గూడబాతులని ఠక్కున చెబుతారు. కోరింగ అంటే మడ అడవులు, బావురుపిల్లి. కొల్లేరు అంటే 2002 రామ్‌సర్ గుర్తింపు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పొద్దస్తమానం కూర్చునే పిల్లలకు ఇవన్నీ నోటికి వచ్చు. తీరంలోని పక్షులకూ తాబేళ్లకూ కావాల్సింది సరిగ్గా ఇలాంటి ఓపికే. దాన్ని అక్కడిదాకా చేర్చే ఏర్పాటే మన దగ్గర లేదు.

ఈ అభయారణ్యాలకు చూడవచ్చేవాళ్ల కొరత లేదు. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో నేలపట్టు దగ్గరి సూళ్లూరుపేట కిటకిటలాడుతుంది. కొరతల్లా ఏటా అదే చోటికి వచ్చి, అదే పద్ధతిలో లెక్క రాసిపెట్టేవాళ్లకే. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ప్రతి జనవరిలో వలంటీర్ల మీదే నడుస్తోంది. 1980లో హైదరాబాద్‌లో పుట్టిన బర్డ్‌వాచర్స్ సొసైటీ, ఇప్పటి డెక్కన్ బర్డర్స్, నగరానికి ఈ విద్య ఎప్పుడో నేర్పింది.

పక్షుల్ని లెక్కపెట్టడం అనుకున్నంత తేలిక కాదు. గుంపులో పదింటిని లెక్కించి, అవి ఉన్న జాగాను కంటితో పట్టుకుని, ఆ కొలతతో గుంపంతా కొలవాలి. మధ్యలో గద్ద వచ్చిందంటే అన్నీ లేచిపోతాయి, మళ్లీ మొదటికే. ఏ గట్టు మీద నిలబడ్డారో, ఎన్ని గంటలకో, నీళ్లు ఎంతున్నాయో రాయకపోతే ఆ అంకె ఎందుకూ కొరగాదు. ఒక ఏడాది లెక్కతో ఏదీ తేలదు. పదేళ్ల లెక్క ఉంటే, రొయ్యల చెరువుకు అనుమతి అడిగిన రోజున అధికారి ముందు పెట్టడానికి ఆధారం ఉంటుంది. కొల్లేరులో చేపల చెరువులు తవ్వుతున్నన్నాళ్లూ ఊరుకుని, 2006లో గట్లు కొట్టేయాల్సి వచ్చింది. ఆ బాధ పడింది అక్కడి పేదలే.

ఇంత దూరాన ఉన్న నగరానికి ఇదంతా ఎందుకనేవాళ్లు అశోక్‌నగర్ వంతెన మీద ఒకసారి ఆగాలి. కింద పారే హుస్సేన్‌సాగర్ నాలా మూసీలో కలుస్తుంది, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్నది కృష్ణా అభయారణ్యం. బావురుపిల్లి చేపలు పట్టే ఆ నీళ్లకు ఎగువన ఉన్నది మనమే.

అయితే ఉత్సాహం ఒక్కటే ఉంటే చేటు. గూళ్ల కాలంలో ఫొటో కోసం నాలుగడుగులు ముందుకేస్తే తల్లి లేచిపోతుంది, పిల్లలు కాకుల పాలవుతాయి. నేలపట్టు ఊరివాళ్లు ఆ పక్షుల్ని ఏళ్ల తరబడి కాచుకున్నారు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని వాళ్లకు తెలుసు. సముద్రతీరంలో రాత్రిపూట ఇసుక మీద తాబేలు జాడ పట్టి, గుడ్లు తీసి, హేచరీ గుంటలో అంతే లోతున పూడ్చేది చాలాచోట్ల మత్స్యకారులే. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధాన్ని భరించేదీ వాళ్లే. నగరం నుంచి వెళ్లేవాళ్లు వాళ్ల దగ్గరే పని నేర్చుకోవాలి. పడవ కిరాయి, భోజనం డబ్బులు వాళ్లకే అందాలి.

పరీక్షల పిల్లలకు తీరికెక్కడిదంటారు. జనవరిలో ఒక శని, ఆదివారం చాలు. రాత్రి హైదరాబాద్‌లో రైలెక్కితే తెల్లారేసరికి కాకినాడ. ఏ అభయారణ్యానికి ఎంతమంది కావాలో ఆంధ్రప్రదేశ్ అటవీశాఖ అక్టోబరులోనే ప్రకటించాలి. నవంబరు ఆదివారాల్లో చిక్కడపల్లి లైబ్రరీలోనో, నారాయణగూడ వైఎంసీఏలోనో శిక్షణ ఇప్పించాలి. వరుసగా మూడేళ్లు ఒకే చోటికి వస్తామన్నవాళ్లనే తీసుకోవాలి. రానుపోను ఖర్చులు ఇవ్వాలి, లేకపోతే అద్దెగదుల్లో నెట్టుకొస్తున్న జిల్లాల పిల్లలు రాలేరు. వాళ్లు రాసిచ్చిన లెక్కల్ని ఏ ఏటికాయేడు తెలుగులో అచ్చువేసి, తీరంలోని పంచాయతీ ఆఫీసుల్లో అంటించాలి.