సొగసైన అక్షరము – దాని తగిన చోటు

కవితను మెచ్చుకొనువారు పెక్కుమంది కలరు. ఆ కవితను మన కంటికి చేర్చిన అచ్చు అక్షరమును గమనించువారు అరుదు. అక్షరమునకును ఒక స్వభావము, ఒక మర్యాద, ఒక తగిన చోటు కలవని విద్యార్థి మిత్రులకు మనవి చేయుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

ఇటలీ దేశమందలి సలుజ్జో పట్టణమున 1740లో జన్మించిన జాంబత్తిస్తా బోడోనీ ముద్రణ వృత్తిగల కుటుంబమువాడు. రోము నగరమున పని నేర్చి, 1768లో పార్మా ప్రభువు పిలుపు నందుకొని అచటి రాజ ముద్రణాలయమునకు అధిపతి ఆయెను. 1813లో మరణించువరకు అక్షర నిర్మాణమే ఆయన తపస్సు. 1806లో ఒకే ప్రార్థనను 155 భాషలలో అచ్చొత్తి చూపెను. ఆయన అక్షర సంపదను 1818లో రెండు సంపుటములుగా వెలువరించినది ఆయన భార్య మార్గరీటా.

బోడోనీ అక్షరమున నిలువుగీత స్తంభమువలె బలిష్ఠము. అడ్డగీతయు, కొనలందలి చిన్న గీతలును తలవెంట్రుకవలె సన్నము. పారిస్ నగరమున ఫిర్మేన్ దీదో రూపొందించిన అక్షరములును ఈ కోవకు చెందినవే. నునుపైన కాగితము, మేలైన సిరా, నేర్పరియైన పనివాడు లభించినందుననే అంతటి సన్నగీత అచ్చున నిలువగలిగెను.

ఉర్దూ చదువు మిత్రులకు లావు, సన్నముల అందము క్రొత్త కాదు. అయితే నస్తాలీఖ్ లిపిలో అది ఏటవాలుగా చెక్కిన కలము కదలికనుండి పుట్టినది. బోడోనీ అక్షరమున అది కొలతనుండి పుట్టినది. ఒకటి చేతి వయ్యారము, మరొకటి శిల్పి నిగ్రహము.

ఇట్టి అక్షరము గ్రంథనామమునకు, ఆహ్వాన పత్రమునకు, యోగ్యతా పత్రమునకు, విశాలమైన అంచులుగల పద్యపుటకు శోభ నిచ్చును. వోగ్ వంటి వేషభూషల పత్రికలు తమ పేరును ఈ కోవ అక్షరములతోనే ధరించినవి. కాని దానినే చిన్న పరిమాణమున, గరుకు కాగితముపై, పుటల కొలది పరచినచో సన్నగీతలు మాయమై నిలువుగీతల కంచె మాత్రము మిగులును, కన్ను అలసిపోవును. ఆంగ్లేయ కళాకారుడు విలియం మారిస్ ఈ అక్షరమును తీవ్రముగా నిందించెను. నా దృష్టిలో దోషము అక్షరమునది కాదు, చోటెరుగక వాడినవారిది.

నేడు కంప్యూటరుపై ఒక మీట నొక్కినంత మాత్రమున అక్షరరూపము మారును. కావుననే వివేకము మరింత అవసరము. తెలుగున గుడికిని గుడిదీర్ఘమునకును భేదము ఒక చిన్న మెలిక మాత్రమే. ఉర్దూలో బే, తే అక్షరములకు భేదము నుఖ్తాలే. సొగసు కొరకు వీనిని సన్నగించినచో పోవునది అందము కాదు, అర్థము.

కళాశాల కమిటీవారికి నా విన్నపము ఒక్కటే. ముఖపత్రమునకు ఎంతటి సొగసైన అక్షరమునైనను ఎన్నుకొనుడు. లోపలి పుటలకు మాత్రము నిండైన, స్థిరమైన అక్షరమును వాడుడు. పత్రిక యంతయు ముద్రణకు పోకమునుపు, అదే కాగితముపై ఉర్దూ పుట నొకటి, తెలుగు పుట నొకటి అచ్చు వేయించి, మన గ్రంథాలయమున సాయంకాలపు వెలుతురులో విద్యార్థులచే చదివించి చూడుడు. వారు తడబడక చదివిన అక్షరమే మన పత్రికకు తగిన అక్షరము.