పిస్టన్ ఎంపికలో రసాయనశాస్త్రం

ఫోర్డ్ ఫాల్కన్ తయారీ 2016లో ఆగిపోయినా, దాని యూట్ బండిలోని ‘బారా’ టర్బో ఇంజనుపై మోజు న్యూజిలాండ్‌లో తగ్గలేదు. వరుసగా ఆరు సిలిండర్లున్న ఆ నాలుగు లీటర్ల ఇంజనును విప్పి శక్తి పెంచదలచిన యువకులు తరచు కోరేది ‘ఫోర్జ్‌డ్’ పిస్టన్లను. అనగా లోహాన్ని ఒత్తి మలచినవాటిని. ఆ ఒక్క మాట చాలదు, మిశ్రలోహమేదో కూడా అడగాలని నా అభిప్రాయం.

2618 అనే అల్యూమినియం మిశ్రలోహంలో సిలికాన్ పావు శాతానికి మించదు. అందువలన అది దెబ్బకు సులభంగా పగలదు. కాని వేడికి ఎక్కువగా వ్యాకోచిస్తుంది. కనుక సిలిండరులో ఎక్కువ ఖాళీ వదలాలి. చలి ఉదయాలలో పిస్టన్ గోడకు కొట్టుకొని చప్పుడు చేస్తుంది, అరుగుదల పెరుగుతుంది. 4032లో సిలికాన్ సుమారు 12 శాతం. వ్యాకోచం, అరుగుదల తక్కువ. అయితే ఇంధనం అదుపుతప్పి మండితే పగిలే ప్రమాదం ఎక్కువ.

ఇన్వర్‌కార్గిల్ వాసి బర్ట్ మన్రో తన మోటారుసైకిలుకు పిస్టన్లను స్వయంగా పోతపోసుకొని, 1967లో అమెరికాలోని బాన్‌విల్‌లో రికార్డు నెలకొల్పారు. ఆయనకు కావలసినది కొన్ని మైళ్ళ వేగం. నిత్యం పనికి తిరుగుతూ ట్రైలరు లాగే బండికి కావలసినది ఏళ్ళ తరబడి మన్నిక. పరిమితమైన బూస్టుతో జాగ్రత్తగా ట్యూన్ చేస్తే దానికి 4032 చాలు. 2618 పందెపు బండికి తగినది.

కనుక ఈ ముచ్చటకు సొమ్ము ఇచ్చే తల్లిదండ్రులు, బండి ఏ పనికని ముందుగా అడగడం మేలు.