అన్నయ్యతో కాసేపు: పొట్ట పెరిగితే పౌరుషం తరుగుతుందా?

ఈ వారం ఉత్తరాల కట్ట విప్పితే ఎప్పటిలాగే సగం హీరోల గొడవలే! ఎవరి సినిమా ఎన్ని రోజులాడింది, ఎవరి పక్కన ఎవరు బాగుంటారు... వాటి మధ్యలో పేరూ ఊరూ లేని ఉత్తరం ఒకటి తగిలింది. చదివాక మిగతావన్నీ పక్కన పెట్టేశాను. మీరూ చదవండి.

"అన్నయ్యా! నాకు 23 ఏళ్ళు. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు, బరువు 94 కిలోలు. మాఘమాసంలో పెళ్ళి. ఈమధ్య ఊరికే నీరసం, దేనిమీదా హుషారు లేదు. మా జిమ్ము మాస్టారు 'నీకు టెస్టోస్టెరాన్ తగ్గింది. వారానికో సూది చొప్పున ఎనిమిది వారాలు వేస్తాను, పెళ్ళినాటికి హీరోలా తయారవుతావు' అంటున్నాడు. వేయించుకోనా?"

వద్దు తమ్ముడూ! ముందు ఆ మాట చెప్పేసి, తరవాత కారణం చెప్తాను.

టెస్టోస్టెరాన్ అంటే మగవాడికి గడ్డం, గొంతు, కండ, కోరిక ఇచ్చే హార్మోను. 1935లో బ్యుటెనాండ్ట్, రుజిచ్కా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1939లో వాళ్ళిద్దరికీ నోబెల్ బహుమతి ప్రకటించారు. మన ఒంట్లో మాత్రం ఇది వృషణాల్లోని లైడిగ్ కణాల్లో తయారవుతుంది.

మన భాషలో చెప్పాలంటే అది ఒక స్టూడియో. మెదడులోని హైపోథాలమస్ నిర్మాత. దాని కింద వేలాడే పిట్యూటరీ గ్రంథి డైరెక్టరు. నిర్మాత సరేనంటే, డైరెక్టరు ఎల్.హెచ్. అనే హార్మోనుతో కబురు పంపుతాడు. అప్పుడు స్టూడియోలో పని మొదలవుతుంది. సరుకు రక్తంలో సరిపడా చేరగానే 'ఇక చాలు' అని పైనుంచి ఆజ్ఞ!

మరి పొట్ట ఎక్కడ అడ్డొస్తుంది? కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది టెస్టోస్టెరాన్‌ని పట్టుకుని ఈస్ట్రోజెన్‌గా, అంటే ఆడవాళ్ళలో ఎక్కువగా ఉండే హార్మోనుగా మార్చేస్తుంది. కొవ్వు పెరిగితే ఈ మార్పిడీ పెరుగుతుంది. ఆ ఈస్ట్రోజెన్‌ని చూసి పైవాళ్ళు 'సరుకు ఎక్కువైంది' అనుకుని కబుర్లు తగ్గిస్తారు. దానికి తోడు లావు వల్ల ఇన్సులిన్ లెక్క తప్పుతుంది, కొవ్వు నుంచి వాపు పుట్టించే పదార్థాలు ఊరుతాయి. అవీ ఈ పనిని దెబ్బతీసేవే. టెస్టోస్టెరాన్ తగ్గితే కండ తగ్గి కొవ్వు ఇంకా పెరుగుతుంది. కొవ్వు పెరిగితే టెస్టోస్టెరాన్ ఇంకా తగ్గుతుంది. గానుగెద్దు తిరుగుడే!

కానీ ఒకటి గమనించు. నీ వయసులో లావు వల్ల వచ్చిన తగ్గుదల చాలామందిలో స్టూడియో కాలిపోవడం కాదు, షూటింగు మందగించడం మాత్రమే. బరువు దిగితే మళ్ళీ ఊపందుకుంటుంది. కొద్దిగా దిగితే కొద్దిగా, బాగా దిగితే బాగా.

సూది వేయించుకుంటే ఏమవుతుంది? సరుకు బయటినుంచి వచ్చి పడుతుంది. డైరెక్టరు కబురు పంపడం మానేస్తాడు. స్టూడియోకి తాళం! వృషణాలు చిన్నబోతాయి, వీర్యకణాల తయారీ పడిపోతుంది. ఇది బెదిరింపు కాదు సుమా! ప్రపంచ ఆరోగ్య సంస్థ మగవాళ్ళకు గర్భనిరోధకంగా పరీక్షించింది సరిగ్గా ఈ సూదినే. 1990లో వెలువడిన ఫలితాల్లో, వారానికో టెస్టోస్టెరాన్ సూది తీసుకున్న 271 మందిలో 157 మందికి వీర్యకణాలు పూర్తిగా మాయమయ్యాయి. ఆపాక మళ్ళీ రావడానికి నెలలు పట్టింది. జిమ్ముల్లో లెక్కాపత్రం లేకుండా ఎక్కించే మోతాదులకైతే ఏడాదీ పట్టవచ్చు, ఆ పైనా పట్టవచ్చు. పెళ్ళికి సిద్ధమవుతూ పిల్లలు పుట్టకుండా సూది వేయించుకుంటావా? నువ్వే చెప్పు!

మరి చేయాల్సిందేమిటి?

మొదటిది, పరీక్ష. మాస్టారి కంటిచూపుతో టెస్టోస్టెరాన్ తెలియదు. ఉదయం పదిలోపు, పరగడుపున, రెండు వేరువేరు రోజుల్లో రక్తం ఇవ్వాలి. సాధారణంగా డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువుంటే డాక్టర్లు ఆలోచిస్తారు. లావుగా ఉన్నవాళ్ళలో ఈ హార్మోన్ని మోసే ప్రొటీను కూడా తగ్గుతుంది కనుక అంకె కాస్త తక్కువ కనబడినా కంగారు పడకు. రిపోర్టు పట్టుకుని హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్ళు. నిజంగా గ్రంథి జబ్బే ఉంటే ఆయన ఇచ్చే మందు వేరు, జిమ్ము సూది వేరు. నీరసానికి థైరాయిడో, షుగరో, రక్తహీనతో కూడా కారణం కావచ్చు.

రెండోది, తిండి. సినిమాకెళితే ఇంటర్వెల్లో రెండు సమోసాలు, డబ్బాడు పాప్‌కార్ను, కూల్‌డ్రింకు, ఆట వదిలాక బిర్యానీ... ఈ వరస తగ్గించు. అన్నం ఒక వాయి తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప పెంచు. అలాగని కడుపు మాడ్చుకోకు! 1945లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల్ని ఆరు నెలలపాటు అర్ధాకలితో ఉంచి చూశారు. వాళ్ళకు తిండి ధ్యాస తప్ప కోరికలే చచ్చిపోయాయి. పస్తులున్నా స్టూడియో మూతబడుతుందన్నమాట. వారానికి అరకిలో దిగితే చాలు.

మూడోది, వ్యాయామం. బరువులెత్తగానే టెస్టోస్టెరాన్ కాస్త ఎగబాకుతుంది, కాసేపటికే మామూలు స్థాయికి దిగిపోతుంది. దాన్ని నమ్ముకోకు. అసలు లాభం నెలల మీద కండ పెరిగి, నడుము తగ్గడంలో ఉంది. నీ గురి 90 సెంటీమీటర్ల లోపు నడుము. రోజూ అరగంట చురుగ్గా నడక, వారానికి రెండు మూడు రోజులు బస్కీలు, దండీలు, బరువులు.

నాలుగోది, నిద్ర. ఈ హార్మోను ఎక్కువగా ఊరేది నిద్రలోనే. 2011లో షికాగో పరిశోధకులు పదిమంది కుర్రాళ్ళను వారంపాటు రాత్రికి అయిదు గంటలే నిద్రపోనిస్తే, పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. కాబట్టి వారానికి నాలుగు సెకండ్ షోలు మానుకో తమ్ముడూ! గురక గట్టిగా ఉంటే ఆ సంగతీ డాక్టరుకి చెప్పు.

'యమదొంగ' (2007)లో ఎన్టీఆర్ సన్నబడి కనిపిస్తే హాలంతా ఈలలు. 'పూలరంగడు' (2012)లో సునీల్ సిక్స్‌ప్యాక్ చూసి నోరెళ్ళబెట్టాం. తెరమీద మనకు కనబడింది ఫలితమే. దాని వెనక రోజులు ఎవరూ చూపించరు. ఒక్క పాటలో హీరో కండలు తేలడం ఎడిటింగు మహిమ! నీ ఒంటికి ఎడిటరు లేడు, ప్రతి రోజూ నువ్వే నటించాలి.

పెళ్ళికి ఆరు కిలోలే తగ్గావనుకో, ఏం పోయింది? నిన్ను చూసి ఒప్పుకున్న అమ్మాయి 94 కిలోలప్పుడే ఒప్పుకుంది కదా! మిగతావి పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి నడుస్తూ దించండి.

శుభలేఖ మాత్రం పంపడం మరిచిపోకు. ఈసారైనా పేరు రాయి!