కాంట్రాక్టర్ అంటే ఓనర్ కాదు: యూరప్ పోవాలనుకునే తండా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు మాటలు

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. ఓపికతో చివరిదాకా చదివి, అప్పుడు మీ అభిప్రాయం రాయండి.

మన రామారెడ్డి, కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు విదేశం అంటే దుబాయ్, మస్కట్, సౌదీ. మన నాయనలు, చిన్నాయనలు పోయింది అక్కడికే. ఇప్పుడు ఏజెంట్ల నోట్లో కొత్త పేర్లు వినిపిస్తున్నయి: పోలండ్, క్రొయేషియా, రొమేనియా, సెర్బియా. ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ చేసిన పిల్లలకైతే ఇంకో మాట చెప్తున్నరు: "నువ్వు ఎవని కింద కూలోనివి కాదు, కాంట్రాక్టర్‌గా పోతవు, నీకు నువ్వే ఓనర్." ఈ మాట మీదనే నా అభ్యంతరం.

యూరప్ పోవుడు తప్పు కాదు. గల్ఫ్ కన్నా ఒక రకంగా నయమే. అక్కడ కార్మిక చట్టం ఉంటది, కనీస వేతనం, జీతంతో సెలవులు, జబ్బు చేస్తే పైసలు, యూనియన్, లేబర్ కోర్టు ఉంటయి. కానీ ఈ హక్కుల్లో ఎక్కువ భాగం ఉద్యోగికే వర్తిస్తయి. కాంట్రాక్టర్ అని సంతకం పెడితే కాయితం మీద నువ్వు ఒక చిన్న కంపెనీవి. జబ్బు చేస్తే నీ ఖర్చే, ఇన్సూరెన్స్ నువ్వే కట్టాలె, పన్ను నువ్వే లెక్క చెప్పాలె. పని లేని రోజు పైసా రాదు. ఏ హక్కుల కోసం యూరప్ పోతున్నమో, వాటినే ఎయిర్‌పోర్టులో దిగకముందే వదులుకున్నట్టు.

మనకు ఇది కొత్త కథ కాదు. పాలమూరు కూలీల గుంపు మేస్త్రీ తెలుసు కదా? పెద్ద కంపెనీ పని మేస్త్రీకి ఇస్తది, మేస్త్రీ కూలీలను తెస్తడు, కూలి ఎగ్గొడితే కంపెనీ "వాళ్లు మా మనుషులు కాదు" అంటది. యూరప్‌లో సబ్ కాంట్రాక్టర్ అంటే అదే మేస్త్రీ, కోటు వేసుకున్నడు అంతే. బెర్లిన్‌లో ఫుడ్ డెలివరీ చేసిన విదేశీ విద్యార్థులు సబ్ కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే 2023లో లేబర్ కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది.

పోలండ్ సంగతే చూడండి. అక్కడ ఒప్పందాలు ముఖ్యంగా మూడు రకాలు. "ఉమోవా ఓ ప్రాత్సే" అంటే అసలైన ఉద్యోగ ఒప్పందం. ఏడాదికి కనీసం 20 రోజుల జీతంతో సెలవు ఉంటది. "ఉమోవా జ్లెత్సేనే"లో గంటకు కనీస రేటు ఉంటది గానీ సెలవు హక్కు ఉండదు. "ఉమోవా ఓ జెవో" అంటే మన భాషలో గుత్త పని. దానికి కనీస వేతనం కూడా వర్తించదు. ఏజెంట్ మూడింటినీ "కాంట్రాక్ట్" అనే అంటడు. అందుకే కాయితం పైన ఏ పేరు ఉందో చూడాలె.

జీతం లెక్క కూడా అట్లనే. 2025లో పోలండ్ కనీస వేతనం నెలకు 4,666 జ్లోటీలు. ఏజెంట్ దాన్ని రూపాయల్లోకి మార్చి "లక్ష పైనే" అంటడు. కోతలన్నీ పోంగ ఉద్యోగి చేతికి వచ్చేది సుమారు 3,500 జ్లోటీలు, అంటే 80 వేల చిల్లర. అందులోంచే రూం కిరాయి, తిండి, బస్సు. ఇప్పుడు ఇంటికాడి లెక్క చూడండి. 7 లక్షలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినమనుకోండి, నెలకు మిత్తే 21 వేలు. అసలు కదలదు. అంత మిత్తి నెత్తిమీద ఉన్నోడు యజమాని ఏం చెప్పినా తల ఊపుతడు, సంతకం పెట్టమన్న చోటల్లా పెడతడు.

ఆ అప్పుకు కుదువ పెట్టేది ఏంది? భూమి. పోడు పట్టా కుదువ పెట్టమని అడిగేటోళ్లు ఉంటరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన భూమి వారసులకు వస్తది గానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి వీలు లేదు. చట్టం కాపాడిన భూమిని మనమే తెల్ల కాయితం మీద రాసిస్తే రేపు ఎవరిని అడుగుతం?

ఇంకో ముఖ్యమైన మాట. పది పాసు కాని వాళ్లు గల్ఫ్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలె, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరి. ఆ 18 దేశాల్లో యూరప్ దేశం ఒక్కటి లేదు. 2024లో మన రాష్ట్రం గల్ఫ్ మృతుల కుటుంబాలకు ప్రకటించిన 5 లక్షల ఎక్స్‌గ్రేషియా కూడా గల్ఫ్‌కే. అంటే యూరప్ దారిలో మనల్ని ఆపి కాయితం చూసే కౌంటర్ లేదు. హెల్పర్ పని అని నమ్మించి మన తెలంగాణ పిల్లలను రష్యాకు తీసుకపోయి సైన్యంలో పడేసిన సంగతి 2024లోనే బయటపడ్డది. అదే ఏడు జూన్‌లో ఇటలీలోని లాటినా దగ్గర కాయితాలు లేకుండా పని చేస్తున్న పంజాబీ కూలీ చెయ్యి తెగితే, ఆస్పత్రికి కాకుండా ఇంటి ముందట వదిలేసి పోయిన్రు. ఆయన బతకలేదు.

అయితే ఏం చేయాలె? నాకు తోచింది చెప్తున్న.

1. ఏజెంట్ లైసెన్స్ నంబరు అడుగుండ్రి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. చట్టం ప్రకారం ఏజెంట్ తీసుకోవాల్సిన సర్వీస్ ఛార్జీ 30 వేలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే రసీదు అడుగుండ్రి.

2. పర్మిట్ మీద ఏ కంపెనీ పేరు ఉందో, ఏ పని రాసి ఉందో చదవండి. ఒక దేశం పని వీసాతో పక్క దేశంలో పని చేసే హక్కు రాదు. సెర్బియా, బెలారస్ షెంగెన్‌లో లేనే లేవు.

3. జర్మనీకి చదువుకు పోయేటోళ్లు గుర్తుంచుకోండి: స్టూడెంట్ వీసా మీద ఉద్యోగిగా కొన్ని రోజులు పని చేయొచ్చు గానీ, అనుమతి లేకుండా ఫ్రీలాన్సర్‌గా చేయొద్దు. రెసిడెన్స్ పర్మిట్‌కే ముప్పు.

4. ఇంటర్, ఐటీఐ వాళ్లకు జర్మనీలో "ఆస్‌బిల్డుంగ్" ఉంది. రెండు నుంచి మూడున్నర ఏండ్లు పని నేర్చుకుంట నెలనెలా స్టైపెండ్ తీసుకోవచ్చు. సాధారణంగా బీ1 స్థాయి జర్మన్ భాష కావాలె. నర్సింగ్ చేసిన చెల్లెళ్లు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగండి. పీజీ చేసేటోళ్లకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది.

కాంట్రాక్టర్ పని ఎప్పటికీ వద్దని కాదు. భాష వచ్చి, చట్టం తెలిసి, చేతిలో రెండేండ్ల అనుభవం, వెనకాల అప్పు లేకుంటే అది నిజంగనే ఓనర్ పని. మొదటి అడుగు మాత్రం ఉద్యోగిగనే వేయాలె.

భాష నేర్చుకోనీకి హైదరాబాద్‌లో హాస్టల్ పట్టే స్తోమత మన పిల్లలందరికీ లేదు. గిరిజన గురుకుల డిగ్రీ కాలేజీల్లో జర్మన్ భాష క్లాసులు పెట్టాలని, కామారెడ్డిలో టామ్‌కామ్ కౌంటర్ తెరవాలని మనం అడగాలె. తండాలు 2018లో గ్రామ పంచాయతీలు అయినయి, సర్పంచులు మనోళ్లే. ప్రతి తండాలో తీర్మానం చేసి కలెక్టర్‌కు పంపుదాం. సరే అనేటోళ్లు మీ తండా పేరు కింద రాయండి, అర్జీ రాసే పని నేను చూసుకుంట.