సోమలింగపు శీర్షికలు

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని మన పెద్దలు నవ్వుచుందురు. ఆ సామెత పుట్టిన దినములలో వార్తాపత్రికలు లేకపోయెను గాని, ఉండినయెడల దానిని పత్రికాలయముల గుమ్మములపై వ్రాయించియుందురని మా నమ్మకము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట పదేండ్లలో అమెరికా పత్రికలలో వెలువడిన కొన్ని వార్తలను, వాని శీర్షికలను నేడు తీరికగా చూడగా మాకు మొదట నవ్వును, పిదప భయమును గలిగినవి. నవ్వెందులకో ముందు చెప్పెదము. భయమెందులకో తుదను విన్నవించెదము.

1947 జూన్ 24వ తేదీని కెన్నెత్ ఆర్నాల్డను వైమానికుడు రెయినియరు పర్వతప్రాంతమున ఆకసమునందు తొమ్మిది వింతవస్తువులను చూచితినని చెప్పెను. పత్రికలు వానికి 'ఎగురు పళ్లెరము'లని పేరిడినవి. తాను చెప్పినది నీటిపై విసరిన పళ్లెరమువంటి చలనమును గూర్చియేగాని ఆకారమును గూర్చి కాదని యాతడు తరువాత మొఱపెట్టుకొనినను వినువారు లేకపోయిరి. రెండువారములకు, జులై 8వ తేదీని, న్యూమెక్సికోలోని రాస్వెల్ పట్టణపు దినపత్రిక, సైనికుల ప్రకటననే యాధారముగా గొని, పళ్లెరము పట్టుబడినదని శీర్షిక వేసెను. అది వాతావరణ పరీక్షకై విడిచిన బెలూనని సైన్యాధికారులు చెప్పిన మాటను మఱునాడు ఆ పత్రికయే ప్రకటించెను. సోవియటువారి యణుపరీక్షల నాలకించుటకై రహస్యముగా బంపిన బెలూనుల శకలములే యవియని 1994లో అమెరికా వైమానికదళము వివరించెను. అయినను నేమి? రాస్వెల్‌లో పళ్లెరమునకు మ్యూజియము వెలసినది. ఏటేట నుత్సవము జరుగుచున్నది. మఱునాటి సవరణకు మాత్రము మందిరము గట్టినవాడు లేడు. ఆ శీర్షికను నమ్మిన గృహస్థుడు వంటింట పళ్లెము జాఱినప్పుడెల్ల సేనాపతికి కబురంపియుండునని మా యూహ.

మఱుసటియేడు, 1948 నవంబరు 2వ తేదీని, అమెరికాలో అధ్యక్షుని యెన్నిక జరిగినది. ట్రూమను ఓడుట నిశ్చయమని పండితులు తలంచిరి. ప్రజాభిప్రాయమును లెక్కించువారు సైతము ఎన్నికకు ముందుగానే లెక్క చాలించిరి. చికాగో డైలీ ట్రిబ్యూను పత్రికలో అచ్చుకూర్పువారు సమ్మెలో నుండిరి. వేఱుపద్ధతిని పుటలు సిద్ధపఱచుటకు ఎక్కువకాలము పట్టుచుండెను. కావున వోట్ల లెక్క తేలకమునుపే, వాషింగ్టను విలేఖరి హెన్నింగు అంచనాను నమ్మి, 'డ్యూయీ ట్రూమనును ఓడించెను' అని బారెడక్షరములతో నచ్చొత్తి, సుమారు 1,50,000 ప్రతులు వెలువరించిరి. లెక్క తేలుసరికి ట్రూమనునకు 303 ఎలక్టొరల్ వోట్లు, డ్యూయీకి 189! నవంబరు 4వ తేదీని సెయింట్ లూయీ రైలుస్టేషనులో ట్రూమను ఆ పత్రికను చేతులెత్తి చూపుచు నవ్విన ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము. ఆ శీర్షికయే వేదవాక్యమని నమ్మిన గృహస్థుడేమి చేసియుండును? ఉదయమున డ్యూయీగారికి అభినందనపు తంతి పంపును. మధ్యాహ్నమునకు అల్లునికి ఉద్యోగము దయచేయుడని అర్జీ వ్రాయును. సాయంకాలము పొరుగువాడు నిజము చెప్పినచో, దేశము పొరబడినదేగాని తన పత్రిక పొరబడలేదని కలహించును.

1954 సెప్టెంబరు 16వ తేదీని అమెరికా అణుశక్తిసంఘాధ్యక్షుడైన లూయీ స్ట్రాసు న్యూయార్కులో విజ్ఞానవిషయక రచయితల సభయందు, మన పిల్లల కాలమునకు విద్యుచ్ఛక్తి మీటరు పెట్టుట కక్కఱలేనంత చౌక యగునని పలికెను. ఆ మాట పత్రికల కెక్కి నేటివఱకును దిగలేదు. నమ్మినవాడు నాడే మీటరు పీకి పాతసామానులవానికి అమ్మియుండును! నేడో? హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో మన యణువిద్యుత్కేంద్రములకు వలయు నింధనము తయారగుచున్నది. ఆ నగరపు టిండ్ల గోడలపై మీటర్లును దిరుగుచునే యున్నవి.

ఇవి సముద్రముల కావలి కథలని నవ్వి యూరకుందుమా? ఆ గృహస్థుడు మన యింటనే యున్నాడు. నేడు శీర్షిక సెల్‌ఫోనులో వచ్చుచున్నది. లోపలి వార్త చదువబడకయే పదిమంది బంధువులకు బంపబడుచున్నది. మధుమేహమునకు మందు దొరకెనను శీర్షిక చూచి, ఆ మందింకను ఎలుకలపై పరీక్షింపబడుచున్నదను క్రిందివాక్యమును చదువక, వైద్యుడిచ్చిన మాత్రలు మానుకొను తాతగారిని తలంచికొనుడు. డ్యూయీ గెలుపు తప్పినచో లోకము నవ్వెను. తాతగారి మాత్రలు తప్పినచో నవ్వువారెవరు? మా భయమిదియే.

పొరబడుటయే నేరమని మేమనము, మనుష్యులు పొరబడకపోరు. ఊహించినదానిని చూచినట్లును, కాబోవుదానిని అయినట్లును వ్రాయుట నేరము. భూతభవిష్యత్కాలముల భేదము మన బడిపిల్లలకు దెలియును. దానిని సంపాదకులు మఱచుట తగదు. వార్త వేడిగా నుండవలదా యని వారడుగుదురు. అన్నమును వేడిగానే యుండవలెను. అందులకై ఉడుకకమునుపే వడ్డించు నిల్లాలిని మనమెన్నడైన మెచ్చుకొంటిమా?

అయితే తప్పంతయు వారిదే కాదు. ఉడుకని మెతుకులను లొట్టలువేయుచు దిని, ఇరుగుపొరుగులకు బంచిపెట్టువారము మనమే. కావున ప్రతిగృహమునందును శీర్షికను చదివి వినిపించువానిని మూడు ప్రశ్నలడుగుట యాచారము కావలెను. ఇది జరిగినదా, జరుగబోవునదా? చూచి చెప్పినవారెవరు? మఱునాడేమని వ్రాసిరి? తప్పు ఎంత యక్షరములతో నచ్చుపడెనో సవరణయు నంత యక్షరములతోనే పడవలెనని సంపాదకులను గట్టిగా నడుగుట మన రెండవ విధి. ఈ రెండును జరుగునంతవఱకు సోమలింగమునకు నామకరణములు తప్పవు. ఊయల కొను ఖర్చు మాత్రము మనదే.