బీటెక్ అయ్యాక నల్లకోటా?

ఈ మాట హాస్టల్లో అన్నప్పుడు మొదట వచ్చింది నవ్వే. "నాలుగేళ్ళు కోడింగ్ నేర్చుకుని కోర్టు మెట్లెక్కుతావా బాబూ?" అన్నాడు రూమ్మేటు. ఇంట్లో నవ్వు కూడా రాలేదు. నాన్న కంచంలోంచి తలెత్తకుండా "ప్లీడర్ల చుట్టూ తిరిగినోళ్ళం మనం, అది చాలదా?" అన్నారు.

మాది రాజోలు దగ్గర. తాతయ్య హయాంలో కొబ్బరితోట గట్టు మీద తగాదా వచ్చింది. ఎంతా, రెండడుగుల గట్టు! దాని కోసం పద్నాలుగేళ్ళు కోర్టుకి తిరిగారు. దింపు డబ్బులు చేతికి రాగానే నానమ్మ కొంత తీసి "ఇది కోర్టుకి" అని డబ్బాలో పడేసేది. తాతయ్య సాయంత్రం ఇంటికొచ్చాక "ఏమైంది?" అంటే "వాయిదా పడింది" అనేవారు. ఎందుకు పడిందో ఆయనకి తెలీదు, ఎవరూ చెప్పలేదు. చివరికి పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. ఆ రాజీ ఏదో మొదటి ఏడాదే చేసుంటే నానమ్మకి రెండు కాసులైనా మిగిలేవి.

థర్డ్ ఇయర్ సెలవుల్లో ట్రంకుపెట్టెలో ఆ ఫైలు దొరికింది. చదివితే తమాషా. పాత సర్వే పటంలో కొలతలు లింకుల్లో ఉన్నాయి. ఒక లింకంటే 7.92 అంగుళాలు. మనవాళ్ళు రాయించిన కాగితంలో అవే అంకెలు అడుగులైపోయాయి! ఫస్టియర్లో డ్రాయింగ్ షీటు మీద స్కేలు తప్పేసి తిట్లు తిన్న ఎవడికైనా అది కనిపిస్తుంది. అది ముందే పట్టుకుని ఉంటే కేసు గెలిచేవాళ్ళమని చెప్పను. కానీ తాతయ్యకి తన కేసేమిటో తెలిసేది. నాకు లా మీద మనసు పడింది అక్కడే.

ఇదంతా చెప్పాక కొందరు జూనియర్లు నన్ను సలహా అడగడం మొదలెట్టారు. వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ప్లేస్‌మెంట్ రాలేదని మాత్రం లా వైపు రాకండి. కోడింగ్ రౌండ్‌లో పోయినవాడికి కోర్టు ఏమీ మెత్తగా ఉండదు. సీటు సంగతి పెద్ద కష్టం కాదు. ఏ డిగ్రీ మీదైనా మూడేళ్ళ ఎల్.ఎల్.బి. చెయ్యొచ్చు. లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, తెలుగులో కూడా ప్రశ్నపత్రం ఉంటుంది. ఎంసెట్ రాసినవాళ్ళకి అది భయపడే పరీక్ష కాదు. మన బీటెక్ ఇంకా పనికొచ్చే చోటు కావాలంటే ఐఐటీ ఖరగ్‌పూర్‌లో 2006లో పెట్టిన రాజీవ్‌గాంధీ మేధోసంపత్తి న్యాయ పాఠశాల ఉంది, ఇంజనీర్లకి ఎల్.ఎల్.బి. అక్కడ చెబుతారు.

"పొద్దున ఉద్యోగం, సాయంత్రం లా" అనే ప్లాను మాత్రం మర్చిపోండి. బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి. కాలేజీ మొహం చూడకుండా పట్టా తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారని మీరనొచ్చు. ఉన్నారు. తాతయ్యలాంటి వాళ్ళు పడేది వాళ్ళ చేతుల్లోనేనని నా అనుమానం.

చదువయ్యాక బార్ కౌన్సిల్లో పేరు నమోదు. దీనికి రాష్ట్రాల బార్ కౌన్సిళ్ళు వేలకు వేలు గుంజుతుంటే, 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఆపింది. చట్టంలో ఉన్న 750 రూపాయలు దాటకూడదని, ఎస్సీ ఎస్టీలకయితే 125 అని తేల్చింది. పేదింటి పిల్లలకి ఇది చిన్న తీర్పు కాదు. తర్వాత ఆలిండియా బార్ పరీక్ష.

అసలు బాధ ఆ తర్వాతే. సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరాక మొదటి మూడునాలుగేళ్ళు డబ్బు కనపడదు. పల్లెల్లో జూనియర్‌కి నెలకి 15,000, పట్టణాల్లో 20,000 ఇవ్వండని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో చెప్పింది. అది సిఫారసే, ఆర్డరు కాదు. పోనీ పక్కన ఓ ఉద్యోగం చేసుకుందామంటే ప్రాక్టీసులో ఉన్న లాయరు పూర్తికాలం జీతం ఉద్యోగం చెయ్యకూడదు. ఎకాయెకి జడ్జి పరీక్ష రాసేస్తాననే వాళ్ళకి ఇంకో కబురు: 2025 మే నుంచి సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ళ ప్రాక్టీసు మళ్ళీ తప్పనిసరి. కాబట్టి ఇంట్లో ముందే కూర్చుని లెక్క చెప్పండి. మూడేళ్ళ చదువు, మూడేళ్ళ ఎదురుచూపు. మీ బ్యాచ్ వాడు కారు కొనేసరికి మీరింకా సీనియర్ గారి ఫైళ్ళు మోస్తుంటారు. ఇది ఓర్చుకోలేనివాళ్ళు రాకపోవడమే మంచిది, ఇందులో సిగ్గేం లేదు.

మరి ఇంట్లో ప్లీడర్లు లేనివాళ్ళు నెగ్గుకురాగలరా? మన ఎదుర్లంక నుంచి వెళ్ళిన బాలయోగి గారిని చూడండి. ఆంధ్రా యూనివర్సిటీలో లా చదివి, 1980లో కాకినాడలో ఒక సీనియర్ దగ్గర మొదలెట్టారు. 1985లో మేజిస్ట్రేటుగా ఎంపికయ్యి, ఆ ఉద్యోగం వదిలేసి మళ్ళీ ప్రాక్టీసుకొచ్చారు. అమలాపురం ఎంపీ అయ్యి, 1998లో లోక్‌సభ తొలి దళిత స్పీకరయ్యారు. 1999 ఏప్రిల్లో గమాంగ్ ఓటు గొడవ వచ్చినప్పుడు నీ మనస్సాక్షికే వదిలేస్తున్నానన్నారు. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడింది. ఆ నిర్ణయం మీద ఇప్పటికీ వాదించుకోవచ్చు, ప్లీడరు నిర్ణయమంటే అలాగే ఉండాలేమో! అంతెందుకు, మన జిల్లా పేరే ఒక బారిస్టరుది.

ఇంజనీరే ఎందుకంటారా? కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 చదవండి. వాట్సాప్ మెసేజో సీసీటీవీ ఫుటేజో కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఏమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు. పేటెంట్ ఏజెంటు పరీక్షకయితే సైన్సో ఇంజనీరింగో డిగ్రీ ఉండాల్సిందే, ఒట్టి లా పట్టా చాలదు.

ఇవి డబ్బొచ్చే దారులు. నాకు ఇంకోటి గుర్తొస్తుంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా పోయారు. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాళ్ళు తప్పున్నా లేకపోయినా నష్టపరిహారం కట్టాల్సిందేనని ఢిల్లీ ఓలియం గ్యాస్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. పైపు గోడ మందం ఎంత, తుప్పు ఎక్కడ పట్టింది, తనిఖీ ఎప్పుడు జరిగింది అని రిపోర్టు చదివి, అదే నోటితో కోర్టులో అడగగలిగే మనుషులు అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ఎందరుంటారు? మన మెకానికల్ వాళ్ళు ఒక్కసారి ఆలోచించండి.

ప్లీడర్లందరూ మంచివాళ్ళేనని నేననను. కన్యాశుల్కంలో గురజాడ వారు వ్యాజ్యాల మీద బతికే రామప్పంతుల్నీ, వకీలు సౌజన్యారావు పంతుల్నీ ఒకే నాటకంలో పెట్టారు. మా తాతయ్య అదృష్టానికి మొదటి రకమే ఎక్కువ తగిలినట్టున్నారు.

నేను లాసెట్ రాస్తున్నా. నాన్న ఇంకా ఒప్పుకోలేదు. మొన్న ఫోన్లో పంటకాలువ గురించీ, కొబ్బరికాయ రేటు గురించీ మాట్లాడి, పెట్టేసే ముందు "ఆ ఫైలు నీ దగ్గరే ఉందా? వానాకాలం, తడవకుండా పెట్టు" అన్నారు.