ఫోన్లో ఆన్, పొలంలో ఆఫ్

మొబైల్ స్టార్టర్ అమ్మేవాళ్లు చెప్పే మాట ఒకటే: ఇంట్లో కూర్చుని మోటరు వేసుకోండి, రాత్రిపూట బోరు దగ్గరికి పోవాల్సిన పని లేదు. పాముకాటుకూ కరెంటు షాకుకూ పొలాల్లో ప్రాణాలు పోవడం మనకు కొత్త కాదు కాబట్టి ఈ మాట ఎవరికైనా నచ్చుతుంది. కానీ ‘మోటార్ ఆన్’ అని ఫోనుకు వచ్చే కబురు ఎక్కడి నుంచి వస్తోంది? మోటరు నుంచా, డబ్బాలోని సిమ్ నుంచా?

కొన్ని చవక డబ్బాల్లో సిమ్ నుంచే. మీరు ఫోన్ చేస్తారు, లోపలి చిన్న రిలే పనిచేస్తుంది, వెంటనే ‘ఆన్’ అని మెసేజ్ కొట్టేస్తుంది. కాంటాక్టర్ లాగిందో లేదో దానికి తెలియదు. కాయిల్ కాలినా, ఓల్టేజి చాలక కాంటాక్టర్ గడగడా కొట్టుకుని వదిలేసినా, ఓవర్‌లోడ్ రిలే ట్రిప్పయి కూర్చున్నా అదే కబురు. కూలీకి పని పురమాయించి, పని అయిపోయిందని పుస్తకంలో రాసుకునే మేస్త్రీ లెక్క. వరి పొట్ట మీదున్నప్పుడు ఆ అబద్ధాన్ని నమ్మి పడుకున్న రైతు తెల్లారి ఎండిన మడి చూడాలి. రెండుసార్లు మోసపోయాక మళ్లీ టార్చిలైటు పట్టుకుని నడవాల్సిందే. మరి డబ్బు పోసి కొన్నదెందుకు?

దీనికి మందు ఫ్యాక్టరీల్లో ఎప్పటి నుంచో ఉంది. దాని పేరు ఆగ్జిలరీ కాంటాక్టు. కాంటాక్టర్ లాగినప్పుడు దాంతోపాటే కదిలే చిన్న కాంటాక్టు అది. దాని తీగలు మొబైల్ డబ్బాకు ఇస్తే, కాంటాక్టర్ నిజంగా లాగితేనే ‘ఆన్’ అంటుంది. ఓవర్‌లోడ్ రిలే మీద 95-96 కాంటాక్టు ట్రిప్పయినప్పుడు కాయిల్‌కు కరెంటు తెంపుతుంది. పక్కనే 97-98 ఉంటే అది ట్రిప్పయినప్పుడు కలుస్తుంది. దాన్ని ఖాళీగా వదిలేయకుండా రెండు తీగలు లాగితే ‘ట్రిప్పయింది’ అని కూడా తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. స్టార్టర్‌లో ఉన్న 13-14 కాంటాక్టు మామూలుగా హోల్డింగ్‌కు వాడేసి ఉంటుంది. మన స్టార్టర్లలో చాలావాటి కాయిల్ 415 వోల్టులది. ఆ కాంటాక్టుకే డబ్బా తీగ తగిలిస్తే బోర్డు కాలిపోతుంది, మనిషికీ ప్రమాదమే. కాంటాక్టర్‌కు విడిగా తగిలించే బ్లాకు వేయించుకోవాలి. దాని ఖరీదు మోటరు రీవైండింగ్ ఖర్చులో చిన్న ముక్క.

‘మా డబ్బాలో కరెంటు కొలిచే సీటీ ఉంది, ఇదంతా ఎందుకు’ అంటారు కొందరు. సీటీ ఉండటం మంచిదే. ఒక ఫేజు పోయినా, నీళ్లు లేక మోటరు ఉత్తగా తిరిగినా చెప్పగలిగేది అదే. ఆగ్జిలరీ కాంటాక్టు చెప్పలేదు. కానీ రెండూ లేని సరుకును కూడా అదే మాటలతో అమ్మడం దగా.

ప్రభుత్వాల సంగతీ చెప్పుకోవాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు ఇస్తూ, భూగర్భజలం తోడేస్తున్నాయని ఆటో స్టార్టర్లు తీసేయమన్నారు. రైతు వాటిని ఎందుకు పెట్టుకున్నాడు? కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియకనే కదా. ఆటో స్టార్టర్ పీకేశాక కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మోటరు ఎవరు వేయాలి? ఆ ఖాళీలోకే ఈ గుడ్డి డబ్బాలు దూరుతున్నాయి.

మన డిమాండ్లు ఇవి. రాయితీ మీద ఇచ్చే ప్రతి స్టార్టర్‌కూ ఖాళీ ఆగ్జిలరీ కాంటాక్టు, ట్రిప్ కాంటాక్టు ఉండాలని నిబంధనల్లో రాయాలి. కబురు దేన్ని చూసి పంపుతున్నదో డబ్బా మీద తెలుగులో అచ్చు వేయాలి. ‘ఆఫ్’ అని ఫోన్లో చూసి తీగ మీద చేయి వేయవద్దని, కాంటాక్టర్ అతుక్కుపోతే మోటరుకు కరెంటు ఉండిపోతుందని, మెయిన్ దించాకే పని చేయాలని కూడా అక్కడే రాయాలి.

అప్పటిదాకా పరీక్ష మనమే చేసుకుందాం. బిల్లు కట్టే ముందు స్టార్టర్ మూత వేసే ఉంచి, ఒకరు ఎర్ర బటన్ నొక్కి పట్టుకోండి, ఇంకొకరు ఫోన్ చేయండి. మోటరు తిరగకుండానే ‘ఆన్ అయింది’ అని మెసేజ్ వస్తే డబ్బా అక్కడే తిరిగి ఇచ్చేయండి.